డిసెంబరు వాళ్లది, జనవరి మాది

మా కంపెనీలో లీవుల పంచాయితీ సెప్టెంబరులోనే మొదలవుతుంది. దుబాయ్‌లో మేం చేసేది అలంకరణ పని. హోటళ్లకు, మాల్స్‌కు లైట్లు కట్టాలి, స్టేజీలు వేయాలి, టెంట్లు లేపాలి. ఎండాకాలం ఈ పని పలచగా ఉంటుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించొద్దని అక్కడి ప్రభుత్వ నియమం. ఆ వేడిలో ఆరుబయట వేడుక చేసుకునేవాడు ఎవడుంటాడు? అక్టోబరులో గ్లోబల్ విలేజ్ అనే పెద్ద ఎగ్జిబిషన్ తెరుచుకున్నదంటే ఇక మాకు తీరిక లేదు. నవంబరు నడుమ నుంచి క్రిస్మస్ చెట్లు, డిసెంబరు 2న వాళ్ల నేషనల్ డే జెండాలు, ఆ వెనకే క్రిస్మస్ విందులు, 31 రాత్రి స్టేజీలు. లోకమంతా సెలవు పెట్టి తిరిగే నెలే మాకు ఊపిరాడని నెల.

ఏడాదికి 30 రోజుల లీవు అక్కడి చట్టంలోనే ఉంది. ఎప్పుడు పోవాలన్నది మాత్రం పనిని చూసి కంపెనీ చెప్తుంది. డిసెంబరులో వదిలేది కొద్దిమందినే. ఆ కొద్ది జాగాల కోసం ఫిలిప్పీన్స్ వాళ్లు, మలయాళీలు, తెలంగాణ నుంచి వచ్చిన మేము. నేపాల్ వాళ్లు దశైన్‌కని, అంటే వాళ్ల దసరాకని, ముందే పోయి వస్తారు కాబట్టి వాళ్లతో పేచీ లేదు. కొట్లాడి కొట్లాడి చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కాగితం మీద ఏమీ లేదు, నోటి మాటే. డిసెంబరు వాళ్లది, జనవరి మాది. వాళ్లు ఊళ్లో ఉన్నప్పుడు వాళ్ల డ్యూటీ మేం చూసుకుంటాం, మేం పోయినప్పుడు మాది వాళ్లు చూసుకుంటారు. రిజిస్టరు రాసే టైమ్‌కీపర్ మలయాళీ ఆయన. ఇది ఆయనకు కూడా నచ్చింది, పంచాయితీ తన టేబుల్ దాకా రాకుండా పోయిందని.

ఈ లెక్కలో ఎటూ పడనివాడు మా గదిలో డోర్నకల్ తమ్ముడు. మాట మా మాటే, పండుగ మాత్రం డిసెంబరు. బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కేథడ్రల్ వాళ్ల ఊళ్లోనే ఉంది. 1939లో ప్రతిష్ఠ జరిగిన చర్చి. చూస్తే గుడి పోకడ, మసీదు పోకడ రెండూ అందులో కనపడతాయి. అక్కడ క్రిస్మస్ చూడకపోతే వాడికి ఏడాది గడిచినట్టే ఉండదట. వాడిని ఎవరి లెక్కలో వేయాలని మేం తర్జనభర్జన పడుతుంటే, మా ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ "వీడు మావాడే" అని తన జాబితాలో రాసుకున్నాడు. ఆ ఫోర్‌మన్‌ను మేమంతా కుయా అంటాం. వాళ్ల దిక్కు పెద్దన్నను అలా పిలుస్తారు. వయసులో మాకంటే పెద్ద, కోపంలో ఇంకా పెద్ద.

క్రిస్మస్ చెట్టు సంగతి కొంచెం చెప్పాలి. మాల్ నడుమ నిలబెట్టే పెద్ద చెట్టు లోపలంతా ఇనుప చట్రం. రింగుల మీద రింగులు పేర్చి బోల్టులు బిగించి, కింది నుంచి పైకి ప్లాస్టిక్ కొమ్మలు తగిలించుకుంటూ పోవాలి. ఆ కొమ్మలు ఏడాదంతా గోడౌన్‌లో, పెట్టెల్లో నొక్కుకుపోయి ఉంటాయి. ఒక్కో రెమ్మను వేళ్లతో విడదీసి, విప్పి, పక్కకు వంచితేనే చెట్టు నిండుగా కనపడుతుంది. అసలు చాకిరీ అదే. గ్లోవ్స్ వేసుకున్నా చేతులు గీసుకుపోతాయి. ఆ తర్వాత లైట్ల వైరు కొమ్మల లోపలి నుంచి తిప్పాలి. కేబుల్ టై తోక రవ్వంత బయటికి కనపడినా, పొద్దున్నే వచ్చే మేడమ్ వేలు పెట్టి చూపిస్తుంది. పనంతా మాల్ మూసిన తర్వాతే. తెల్లారి తలుపులు తెరిచేలోపు బూమ్ లిఫ్ట్, నిచ్చెనలు, ఖాళీ పెట్టెలు ఏవీ అక్కడ ఉండొద్దు. వచ్చినవాళ్లు ఫోటోలు దిగుతుంటే మేం బస్సులో నిద్రపోతూ క్యాంపుకు పోతుంటాం.

చెట్టు కొసకు నక్షత్రం పెట్టే పని కుయాదే. ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. సెప్టెంబరు మొదలైందంటే ఆయన ఫోన్‌లో క్రిస్మస్ పాటలే. వాళ్ల దేశంలో సీజన్ అప్పుడే మొదలవుతుందట, మేం ఎగతాళి చేస్తే నవ్వుతాడు. ఊరికి పోయినా పోకపోయినా ఇంటికి బాలిక్‌బయాన్ బాక్స్ పంపాల్సిందే. అది ఓడలో పోతుంది కాబట్టి చాలా ముందే సర్దాలి. సబ్బులు, చాక్లెట్లు, మాంసం డబ్బాలు, బూట్లు, పిల్లల బట్టలు. పెట్టె మీద ఎక్కి కూర్చుని టేపు వేస్తాడు. చూసినప్పుడల్లా మా కార్టన్లే గుర్తొస్తాయి. టాంగ్, నిడో పాలపొడి, టైగర్ బామ్, బాదం, ఖర్జూరం, అన్నిటికంటే కింద మడత పెట్టిన మందం రగ్గు. ఎయిర్‌పోర్టులో బరువు ఎక్కువై తాడు విప్పాల్సి వస్తే ముందు నిడో డబ్బా బయటికి వస్తుంది గానీ రగ్గు రాదు. మా దిక్కు చలికాలంలో ఆ రగ్గు కప్పుకున్న ముసలివాళ్లను చూస్తే ఆ ఇంటివాడు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నాడని ఎవరికైనా తెలుస్తుంది.

దుబాయ్‌లో క్రిస్మస్‌కు ప్రభుత్వ సెలవు లేదు. అయినా డిసెంబరు 16 నుంచి 24 దాకా ఫిలిప్పీన్స్ వాళ్లకు రోజూ ప్రార్థన ఉంటుంది. ఊరికి పోని ఏడాది కుయా డ్యూటీ దిగి, యూనిఫామ్ మీదనే ఔద్ మేథాలోని సెయింట్ మేరీస్ చర్చికి పోతాడు. 24 అర్ధరాత్రి వాళ్ల గదిలో విందు. మమ్మల్ని పిలవకుండా ఉండరు. తియ్యటి స్పగెట్టీ చేస్తారు, అందులో హాట్‌డాగ్ ముక్కలు. మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పుడు మెట్‌పల్లి అన్న మొహం చూడాల్సింది. "ఇండ్ల ఎవడన్న శక్కర పోసిండా ఏంది?" అని నా చెవిలో అడిగాడు. ఆయన వండుకొచ్చిన మటన్ కూర తిని కుయా ముక్కు తుడుచుకుంటూ నీళ్లు తాగాడు. ఆ తర్వాత ఏడాది నుంచి మా మటన్‌లో కారం తగ్గింది, వాళ్ల స్పగెట్టీలో తీపి మాత్రం తగ్గలేదు.

గల్ఫ్ బతుకంటే కన్నీళ్లే అని రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. కష్టం లేదని కాదు. గదిలో మంచాల మీద మంచాలు, వేళకు పడని జీతాలు అన్నీ చూసినవాళ్లమే. అయితే పండుగ పూట మేం గోడకు ఆనుకుని ఏడుస్తూ కూర్చోం. వండుకుంటాం, పేకాడతాం, ఒకడి లుంగీ ఇంకొకడు లాగుతాడు.

31 రాత్రి మాత్రం మేం స్టేజీ వెనకే ఉంటాం, జనరేటర్ మోతలో. అక్కడ పదిన్నర అయ్యేసరికి ఇంటి దగ్గర పన్నెండు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు, బోటిమ్‌లోనే మాట్లాడుకోవాలి. ఫోన్ ఎత్తితే మా బిడ్డ వాకిట్లో వేసిన ముగ్గు చూపిస్తుంది. రంగులు నింపి, నడుమ పెద్ద అక్షరాలతో హ్యాపీ న్యూ ఇయర్. ఊళ్లో ఏ వాకిట చూసినా ఆ రాత్రి అదే ముగ్గు. బేకరీ నుంచి తెచ్చిన కేకు కోసి ముక్క కెమెరాకు అంటిస్తుంది, స్క్రీనంతా క్రీము. ఇంకో గంటన్నరకు మా దగ్గర బుర్జ్ ఖలీఫా మీద పటాకులు పేలుతాయి. 828 మీటర్ల బిల్డింగు కాబట్టి ఎంత దూరంలో ఉన్నా కొస కనపడుతుంది. మేం తల ఎత్తి చూసి, మళ్లీ కిందికి వంగి కేబుళ్లు చుట్టుకుంటాం.

చెట్లు వెంటనే తీసేస్తారనుకుంటారు చాలామంది. మా దగ్గర హోటళ్లలో దిగేవాళ్లలో రష్యా వాళ్లు ఎక్కువ, వాళ్ల క్రిస్మస్ జనవరి 7. అది అయ్యేదాకా ఆ హోటళ్లలో చెట్టు నిలబడాల్సిందే. ఆ తర్వాతే కొమ్మలు పెట్టెల్లోకి, మేం విమానంలోకి. అప్పటికి స్కూళ్ల సెలవులు అయిపోయి టికెట్ల రేట్లు కూడా దిగుతాయి. శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగితే బావమరిది బండి తెస్తాడు. సిద్దిపేట దాటి హుస్నాబాద్ దారి పట్టేసరికి పొగమంచు. నాకు పళ్లు టకటక కొట్టుకుంటాయి. "దుబాయ్‌ల చలే ఉండదాయె, నీకు ఇదే సిమ్లా" అని వాడి వెక్కిరింపు.

మా ఊరు ముల్కనూరు దగ్గర. నిజం చెప్పాలంటే మా దిక్కు పెద్ద పండుగ సంక్రాంతి కాదు. దసరా. బతుకమ్మ తొమ్మిది రోజులు, ఆ మీద జమ్మి, యాట మాంసం, కొత్త బట్టలు, అత్తగారింటి నుంచి ఆడబిడ్డలు రావడం అన్నీ అప్పుడే. నా చిన్నప్పుడు సంక్రాంతంటే సకినాలు, గాలిపటాలు, ఆడవాళ్ల నోములు, అంతే. ఇప్పుడు మా ఇంట్లో లెక్క తిరగబడింది. నేను జనవరిలో వస్తాను కాబట్టి కరీంనగర్ అక్క, బావ అప్పుడే వస్తారు. హుజూరాబాద్ చిన్నమ్మ అప్పుడే వస్తుంది. కొత్త బట్టలు అప్పుడే, యాట అప్పుడే. పుష్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు, కాబట్టి ఎవరికీ వేరే పిలుపులు అడ్డం రావు. మా ఒక్క ఇల్లే కాదు, మా వాడకట్టులో దుబాయ్‌కి, సౌదీకి మనుషులు పోయిన చాలా ఇళ్లలో ఇదే సంగతి. ఎక్కడో ఒక హోటల్‌వాడు చెట్టు ఎప్పుడు తీయాలో అనుకుంటే, దాన్ని బట్టి ఇక్కడ మా అవ్వ బియ్యం నానబోస్తుంది.

సకినాల రోజు ఇంట్లో నిలబడ సందు ఉండదు. కొత్త బియ్యం నానబోసి, నీళ్లు వంచి, తడి ఆరకముందే గిర్నీకి తీసుకుపోవాలి. ఆ పని నాది. లైన్‌లో నిలబడితే ఊరి సంగతులన్నీ అక్కడే తెలుస్తాయి. ఎవరి పత్తికి ఎనుమాముల మార్కెట్‌లో ఎంత పలికింది, యాసంగి నాట్లకు కాలువ నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎవరి కొడుకు కెనడా పోయాడు. పిండి ఇంటికి వచ్చాక అందులో నువ్వులు, ఓమ, ఉప్పు వేసి కలుపుతారు. వాడకట్టు ఆడవాళ్లంతా కూర్చుని, పరిచిన బట్ట మీద పిండిని వేళ్ల నడుమ మెలితిప్పుతూ చుట్టు మీద చుట్టు తిప్పుతారు. ఈ రోజు మా ఇంట్లో, రేపు వాళ్లింట్లో. ఎవరింట్లో చుట్టినా చేతులు అవే. మా అక్క చుట్టిన సకినం గుండ్రంగా ఉండదు. ఆ మాట ఏటా ఎవరో ఒకరు అంటారు, ఏటా అక్క అలుగుతుంది. కాస్త ఆరాక విరగకుండా లేపి నూనెలో వేయడం అవ్వ ఒక్కదానికే సాధ్యం. మిగిలిన పిండితో సర్వపిండి.

సంక్రాంతికి కొత్తకొండ వీరభద్రస్వామి జాతర. మాకు దగ్గరే. స్వామికి వెండి కోరమీసాలు, గుమ్మడికాయలు సమర్పిస్తారు. బాపు మొక్కు ఏదో ఒకటి ఎప్పుడూ బాకీ ఉంటుంది, నా పేరు మీద. నేను క్షేమంగా వచ్చినందుకు ఒక గుమ్మడికాయ, క్షేమంగా పోవడానికి ఇంకొకటి.

2026లో అయితే టైమ్‌కీపర్‌కు మా వల్ల తలనొప్పి పట్టుకుంది. మేడారం మహాజాతర జనవరి 28 నుంచి 31 వరకు పడింది. ముందటిసారి, 2024లో, ఫిబ్రవరి 21 నుంచి జరిగింది కాబట్టి సంక్రాంతికి కొందరు, మేడారానికి కొందరు అని సర్దుకున్నాం. ఈసారి రెండూ ఒకే నెలలో. తెలంగాణవాడు ఎవడూ జనవరి వదులుకోనన్నాడు. "మీ పండుగ ప్రతిసారి తేదీ ఎందుకు మారుతుంది?" అని ఆయన అడిగాడు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి వస్తుందని, విగ్రహం ఉండదని, సమ్మక్కను చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో తెస్తారని మెట్‌పల్లి అన్న అరగంట చెప్పాడు. అంతా విని ఆయన రిజిస్టరు తిప్పి, "ఎంతమంది పోతారో అది చెప్పు" అన్నాడు. మళ్లీ కుయానే అడ్డం పడ్డాడు, తన మనుషులతో నెలాఖరు దాకా లాగుతానని. తిరిగి వచ్చేటప్పుడు ఆయనకు మేడారం బెల్లం, ఒక డబ్బా సకినాలు తీసుకుపోయాను. బ్యాగులో సగం విరిగాయి. విరిగినవే బాగున్నాయని, చెంచాతో తోడుకుని తిన్నాడు.

వచ్చినప్పుడల్లా ఫోన్ తెమ్మన్నవాళ్లు, అప్పు అడిగేవాళ్లు, "అక్కడ ఏమన్న పని సూడు తమ్మీ" అని కొడుకు పాస్‌పోర్టు జిరాక్సు చేతిలో పెట్టేవాళ్లు. అదంతా పండుగలో భాగమే, దాని గురించి రాస్తే ఇంకో పేజీ అవుతుంది.

ఈసారి బయలుదేరే ముందు రాత్రి కార్టన్‌లో పచ్చళ్లు సర్దుతూ మా ఇంటామె అన్నది: "సంక్రాంతికి వస్తున్నవు, సరే. ఒక్కసారన్న బతుకమ్మకు రారాదయ్యా. పిల్ల ఆడంగ నువ్వు ఫోన్ల తప్ప ఎన్నడు సూసినవ్?"

దసరా అంటే గ్లోబల్ విలేజ్ పనుల కాలం. క్యాంపుకు వచ్చాక టైమ్‌కీపర్‌ను అడిగితే నావైపు చూసి నవ్వాడు, అంతే. కుయా మాత్రం లెక్క వేశాడు. అక్టోబరులో నా పని తను చేస్తాడు, బదులుగా డిసెంబరులో తనకు ఇంకొన్ని రోజులు ఎక్కువ కావాలి. అలాగైతే నా జనవరి మెట్‌పల్లి అన్నకు పోతుంది. మరి సంక్రాంతికి ఎందుకు రాలేదని అవ్వ అడిగితే ఏం చెప్పాలో చూడాలి. ప్రస్తుతానికి అక్టోబరు పేజీలో నా పేరు పెన్సిల్‌తో రాయించాను.