మస్టర్‌లో నా పేరు

రెండేళ్ల కిందట పండక్కి ఊరెళ్లినప్పుడు, ఒకమ్మాయి కాగితాల కట్టతో మా ఇంటికొచ్చి "అన్నా, పోయిన ఎండాకాలం ఉపాధి హామీ కింద చెరువు పూడికతీతలో మీరు 12 రోజులు పని చేశారా?" అని అడిగింది. ఆ ఎండాకాలమంతా నేను హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నాను. మస్టర్‌లో, అంటే కూలీల హాజరు పట్టీలో మాత్రం మా జాబ్ కార్డు నంబరు, నా పేరు, పక్కన నాది కాని ఖాతా నంబరు.

ఆ అమ్మాయి వచ్చింది సామాజిక తనిఖీకి. ఉపాధి పనికి వెళ్లే ఇళ్లల్లో చదువుకున్న పిల్లలకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, సొంత ఊరు కాకుండా వేరే ఊరికి పంపుతారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి రికార్డులో ఏముందో చదివి వినిపిస్తారు, పని జరిగిన చోటికెళ్లి టేపు పెట్టి కొలుస్తారు, తర్వాత గ్రామసభ, చివరికి మండలంలో అందరి ముందు విచారణ జరిగే ప్రజావేదిక. ఇదేదో అధికారుల దయ కాదు, 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లోనే తనిఖీ చేసేది గ్రామసభ అని, మస్టర్లు, బిల్లులు, కొలతల పుస్తకాలు పంచాయతీ దాని ముందు పెట్టాలని రాశారు. ఆ పథకం మొదలైంది కూడా మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. ఈ తనిఖీకి దారి చూపింది రాజస్థాన్ కూలీలు. 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు పల్లెల్లో జనాన్ని కూర్చోబెట్టి బిల్లులు, మస్టర్లు గట్టిగా చదివారు, ఆ పోరాటమే సమాచార హక్కు చట్టం దాకా వెళ్లింది.

"మనకెందుకురా గొడవ, నువ్వు వెళ్లిపోతావు, ఊళ్లో ఉండేది మేం కదా" అంది అమ్మ. ఆమె భయం నిజమే, నాకూ టెన్షన్‌గానే ఉంది, అయినా ఆ పని నేను చేయలేదని రాసిచ్చాను. గ్రామసభలో నా పేరు, ఆ 12 రోజులు చదివినప్పుడు సర్పంచ్ అక్కడే కూర్చుని ఉన్నాడు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత వెనక నుంచి ఒక పెద్దాయన లేచి "నాదీ చదవండమ్మా" అన్నాడు, ఆయన వెనకాల ఇంకో నలుగురు లేచారు. ఓటేసిన రోజు కూడా ఆ ఊరు నాకంత బలంగా కనిపించలేదు.

ప్రజావేదికలో, అలా దొంగ పేర్ల మీద పోయిన డబ్బు తిరిగి వసూలు చేయాలని రాశారు. అసలు చిక్కు ఇక్కడే, తప్పు పట్టుకునేది జనం, వసూలు చేయాల్సింది మాత్రం తప్పు జరిగిన ఆఫీసే. ఆరు నెలలు చూసి సమాచార హక్కు కింద మండలంలో దరఖాస్తు పెట్టాను. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, పంచాయతీలో అయితే అదీ లేదు, చాలామందికి ఈ సంగతి తెలియదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వలేదు. మొదటి అప్పీలు వేశాకే కాగితం వచ్చింది: వసూలైంది సగమే. మిగతాది ఎవరి దగ్గరుంది, ఎందుకు ఆగింది అని అడుగుతూ ఇంకో దరఖాస్తు పెట్టాను. ఇవాళ్టికి 19వ రోజు.