పర్లాకిమిడిలో గూఢచారి సినిమాల తప్పులు

నౌపడా నుంచి గుణుపూర్ వెళ్లే బండి టెక్కలి, పాతపట్నం దాటి పర్లాకిమిడిలో ఆగేసరికి బోర్డుల మీద ఒడియా అక్షరాలు వచ్చాయి గానీ, ప్లాట్‌ఫారం మీద వినిపించే మాటల్లో సగం తెలుగే. 1900లో చిన్న గేజీ మీద రాజావారు వేయించిన రైలుదారి ఇది. నేను వెళ్లింది మాత్రం గజపతుల కోట కోసం కాదు. సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా మేనమామతో కూర్చుని పాత గూఢచారి చిత్రాలు చూడటానికి.

తెగిన ఫిల్మును బ్లేడుతో గీకి, ఫిల్ము సిమెంటు అనే జిగురు రాసి, బొటనవేలితో అదిమిపట్టి అతికించిన చేతులాయనవి. అందుకే కథ ఎటు పోయినా ఆయన కన్ను షాటుకూ షాటుకూ మధ్యనున్న అతుకు మీదే ఉంటుంది. 1971 నాటి ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’లో జేమ్స్ బాండ్ నడిపే ఎర్ర మస్టాంగ్ కారు ఇరుకు సందులో దూరే ఘట్టం రాగానే, రిమోట్ అందుకుని బొమ్మను ఆపేశారు.

“చక్రాలు చూడరా. ఏ పక్కవి నేలమీదున్నాయి?”

కుడిపక్క చక్రాల మీద సందులోకి వెళ్లిన కారు, అవతల ఎడమపక్క చక్రాల మీద బయటికి వచ్చింది. లోపలికి వెళ్లే షాటు హాలీవుడ్ స్టూడియో ఆవరణలోనూ, బయటికి వచ్చేది లాస్ వేగాస్‌లోనూ తీశారు. రెండూ పొసగకపోవడంతో, కారు లోపల కూర్చున్నవాళ్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒరిగినట్టు చిన్న షాటు తీసి నడుమ ఇరికించారు. అంత ఇరుకు సందులో కారు అటు నుంచి ఇటు ఎలా ఒరిగిందన్నది మాత్రం ఆ షాటు చెప్పదు. నన్నడిగితే తప్పుకన్నా దాన్ని కప్పిపుచ్చిన తీరే ముచ్చటగా ఉంది.

సాయంత్రం కోట వైపు నడుస్తుండగా మావయ్య దీని మూలం విడమరిచారు. గుమ్మం దాకా ఈ కోట దగ్గర తీసి, గుమ్మం దాటాక హైదరాబాదు సెట్టులో తీస్తే, రెండింటికీ మధ్య నెలలు గడిచిపోవచ్చు. హీరో చొక్కా చెయ్యి ఎంత మడిచి ఉంది, చేతిలోని గ్లాసులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయి అన్నది అసిస్టెంటు డైరెక్టరు రాసిపెట్టుకోకపోతే తెర మీద దొరికిపోవడం ఖాయం. ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కప్పుడు నటుల ఒళ్లే పట్టిచ్చేస్తుంది. 1959లో హిచ్‌కాక్ తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ ఫలహారశాల దృశ్యంలో, నాయిక తుపాకీ పేల్చకముందే వెనక బల్ల దగ్గరి కుర్రాడు రెండు చెవులూ మూసుకుంటాడు. దాన్ని మావయ్య మళ్లీమళ్లీ వెనక్కి తిప్పి చూపించి, ప్రతిసారీ నవ్వారు.

1983 నాటి బాండ్ చిత్రం ‘ఆక్టోపస్సీ’ కొంత మన దేశంలో తీసినది కాబట్టి అత్తయ్య కూడా వచ్చి కూర్చున్నారు. బాండ్ హెలికాప్టరు తాజ్‌మహల్ పక్కగా వచ్చి, ఉదయపూర్‌లో దిగుతుంది. ఆగ్రాకూ ఉదయపూర్‌కూ మధ్య దూరం 500 కిలోమీటర్ల పైమాటే. “పెట్రోలు ఎవరు పోశారంట?” అన్నది అత్తయ్య సందేహం. ఆటో వెంటాటలో టెన్నిస్ క్రీడాకారుడు విజయ్ అమృతరాజ్ రాకెట్టుతోనే దుండగులను కొట్టడం మాత్రం ఆవిడకు నచ్చింది.

మాకు మాట తేడా వచ్చింది 2018 నాటి ‘మిషన్ ఇంపాజిబుల్: ఫాలౌట్’ దగ్గర. లండన్‌లో ఒక మేడ మీంచి ఇంకో మేడ మీదకు దూకుతూ టామ్ క్రూజ్ చీలమండ విరగ్గొట్టుకున్నాడు. అయినా లేచి, కుంటుతూనే కెమెరాను దాటిపోయాడు. ఆ షాటునే సినిమాలో ఉంచారు. కథలో లేని నొప్పి తెర మీదకు వస్తే అది కూడా కంటిన్యుటీ తప్పే, అంటే షాటుకూ షాటుకూ పొంతన చెడటమే అని మావయ్య వాదన. మేడల మీద పరిగెత్తేవాడికి దెబ్బ తగలకపోతేనే నమ్మబుద్ధి కాదని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు, తరువాతి షాటులో కుంటు ఎంతవరకు మిగిలిందో చూద్దామని మళ్లీ రిమోట్ తీశారు.