ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్ పందెం: గుర్రం కన్నా ముందు షరతులు (నా అనుభవం)

గ్రాండ్ నేషనల్ అంటే ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ పక్కన ఉన్న ఎయింట్రీలో ఏటా జరిగే, కంచెలు దూకే గుర్రప్పందెం. మలక్‌పేట రేసులు బాగా తెలిసినవాళ్లు కూడా అక్కడికి వెళ్తే మొదట తడబడేది ‘ఈచ్ వే’ దగ్గర. మనకు విన్ (గెలుపు) వేరు, ప్లేస్ (మొదటి కొన్ని స్థానాల్లో ఒకదానిలో రావడం) వేరు. దేని మీద కావాలంటే దాని మీద కాస్తాం. అక్కడ ఎక్కువమంది రెండూ కలిపి ఒకే చీటీ మీద కడతారు. ‘ఐదు పౌండ్లు ఈచ్ వే’ అంటే బుకీ పది తీసుకుంటాడు: ఐదు గెలుపు మీద, ఐదు ప్లేస్ మీద. ఐదు పౌండ్ల నోటు చాచి, పది అడగ్గానే మోసమనుకుని గొడవపడతారు కొందరు. మోసం కాదు, లెక్కే అంత.

నేషనల్‌కు నేను గుర్రం పేరు కన్నా ముందు చూసేది ఆ ప్లేస్ షరతులే. పదహారు, అంతకు మించి గుర్రాలున్న హ్యాండికాప్ రేసుకు (గుర్రం సత్తాను బట్టి మోసే బరువు నిర్ణయించే రేసు) మామూలుగా నాలుగు స్థానాల దాకా, ధరలో నాలుగో వంతు ఇస్తారు. నేషనల్ రోజున చాలామంది పోటీపడి ఐదు, ఆరు స్థానాల దాకా ఇస్తారు. బదులుగా వంతును ఐదోదానికి తగ్గిస్తారు. 33/1 ధర (గెలిస్తే పౌండుకు 33 పౌండ్ల లాభం) ఉన్న గుర్రం మీద ఐదు ఈచ్ వే కాశామనుకోండి, జేబులోంచి పోయింది పది. గుర్రం ఐదో స్థానంలో వచ్చింది. ఆరు స్థానాలు ఇచ్చే బుకీ దగ్గరైతే 33లో ఐదో వంతు 6.6, ఐదు పౌండ్లకు 33, మన ప్లేస్ సొమ్ము ఐదు వెనక్కి, మొత్తం చేతికి 38. నాలుగు స్థానాల బుకీ దగ్గర ఆ చీటీకి ఒక్క పెన్నీ రాదు. అదే గుర్రం రెండోదిగా వచ్చి ఉంటే నాలుగో వంతు బుకీ 46.25 ఇచ్చేవాడు, ఐదో వంతు బుకీ 38. మధ్యలో తేడా ఎనిమిది పౌండ్ల పైచిలుకు. ముప్పై కంచెలు దూకాల్సిన రేసులో అదనంగా దొరికే ఆ రెండు స్థానాలకు అంతమాత్రం వదులుకోవడం నాకు నష్టమనిపించదు.

ఫేవరెట్ (గెలుస్తుందని ఎక్కువమంది నమ్మే, ధర తక్కువున్న గుర్రం) మీద మాత్రం ఈచ్ వే కాయను. 8/1 గుర్రం ఐదో వంతు షరతు మీద ప్లేస్‌కు వస్తే, పది పెట్టినందుకు చేతికొచ్చేది 13. అలాంటి గుర్రం నచ్చితే నేరుగా గెలుపు మీదే కడతాను.

ఎప్పుడు కాయాలన్నది ఆ తర్వాతి ప్రశ్న. రేసు ఏప్రిల్లో, శనివారం. ఏ గుర్రం ఎంత బరువు మోయాలో ఫిబ్రవరిలోనే ప్రకటిస్తారు కాబట్టి అప్పటి నుంచే ధరలు ఊరిస్తుంటాయి. కానీ ముందస్తు పందెంలో గుర్రం బరిలోకి దిగకపోతే సొమ్ము పోయినట్టే. ‘నాన్ రన్నర్ నో బెట్’ అని రాసి ఉంటేనే డబ్బు వెనక్కి వస్తుంది. ఆ మాట లేకుండా నేను ముందుగా కాయను. గురువారం ఉదయం తుది జాబితా ఖరారవుతుంది. ఆ తర్వాత కాసిన గుర్రం తప్పుకుంటే సొమ్ము తిరిగిస్తారు. కానీ వేరే గుర్రం తప్పుకుంటే ‘రూల్ ఫోర్’ కింద మన లాభంలో కోత పడొచ్చు. తప్పుకున్నది 8/1 గుర్రమైతే లాభంలో ప్రతి పౌండుకూ 10 పెన్నీలు కోస్తారు. 14/1 దాటిన గుర్రమైతే కోత లేదు. గెలిచాక సొమ్ము తక్కువ వచ్చిందని కంగారుపడేవాళ్లలో చాలామంది ఈ నిబంధన తెలియనివాళ్లే.

ఇక గుర్రం. దూరం నాలుగు మైళ్ల రెండున్నర ఫర్లాంగులు, అంటే దాదాపు ఏడు కిలోమీటర్లు. పదహారు కంచెల చుట్టు రెండుసార్లు. చైర్, వాటర్ జంప్ అనే రెండు కంచెలను మాత్రం ఒక్కసారే దూకాలి. 2024 నుంచి గుర్రాలను 40 నుంచి 34కి తగ్గించారు, మొదటి కంచెను ఆరంభ రేఖకు దగ్గరగా జరిపారు. అక్కడికి మరీ వేగంగా చేరి పడిపోకూడదన్నది ఉద్దేశం. ఈ మార్పు ఎప్పుడో రావాల్సింది. గుర్రాలు ప్రాణాలు పోగొట్టుకున్న రేసు ఇది. అది గుర్తుంచుకునే చూడాలి.

కంచె పైన పచ్చగా పేర్చినవి స్ప్రూస్ అనే చెట్టు కొమ్మలు. లోపల ఒకప్పుడు కట్టె ఉండేది. 2013 నుంచి వంగే ప్లాస్టిక్ పుల్లలు పెట్టారు. పైకొస తగిలితే కొమ్మలు రాలిపోతాయి, గుర్రం సర్దుకోగలదు. అసలు ప్రమాదం దూకడంలో కన్నా దిగడంలో ఉంది. బీచర్స్ బ్రూక్ అనే కంచె దగ్గర దిగే వైపు నేల పల్లం. కాలు ఆనాల్సిన చోట నేల అందక గుర్రం ముందుకు తూలుతుంది. చైర్ దగ్గర దీనికి తలకిందులుగా ఉంటుంది: ముందు గుంట, ఐదడుగుల రెండంగుళాల కంచె, అవతల నేల ఎత్తు. కెనాల్ టర్న్ అనే కంచె దగ్గర దిగీ దిగగానే ఎడమకు తొంభై డిగ్రీల మలుపు. అందుకే రేస్‌కార్డులో (గుర్రాల వివరాల పుస్తకం) గత రేసుల ఫలితాలు చూపే అంకెల కన్నా అక్షరాలు ముందు చదువుతాను. ఎఫ్ అంటే పడిపోయింది, యు అంటే జాకీని పడేసింది, బి అంటే ఇంకో గుర్రం వల్ల పడింది, పి అంటే మధ్యలో ఆపేశారు. బి గుర్రం తప్పు కాదు, పట్టించుకోను. ఎఫ్, యు ఒకటికి రెండుసార్లు కనిపిస్తే ధర ఎంత ఊరించినా వదిలేస్తాను. మూడు మైళ్లు దాటిన రేసుల్లో చివరిదాకా నిలబడిందా అన్నది ఆ తర్వాత. ధరను మాత్రమే చూసి తేల్చుకోలేం: 2021 నుంచి 2025 వరకు గెలిచిన గుర్రాల ధరలు వరుసగా 11/1, 50/1, 8/1, 7/1, 33/1.

శనివారం లివర్‌పూల్ సెంట్రల్ స్టేషన్‌లో ఆర్మ్స్‌కర్క్ వైపు వెళ్లే రైలెక్కి ఎయింట్రీలో దిగితే ఎదురుగానే మైదానం. టికెట్ ముందే కొని ఫోన్లో దాచుకోవాలి. జనం సూట్లు, టోపీలతో వస్తారు గానీ కఠినమైన దుస్తుల నియమం లేదు. చీర కట్టుకున్నా సరే, గడ్డి మీద నడవగలిగే చెప్పులు ముఖ్యం. రేసు సాయంత్రం నాలుగింటికి. రెండు దాటితే బుకీల దగ్గర కాలు పెట్టే చోటుండదు, ఫోన్లో నెట్ మొరాయిస్తుంది. అందుకే రెండు లోపే బుకీల వరుస ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడుస్తాను. ప్రతి బోర్డు మీదా ధరలతో పాటు ఈచ్ వే షరతులు రాసి ఉంటాయి. ఒకే గుర్రం ఒకచోట 25/1, నాలుగడుగుల అవతల 28/1 ఉండొచ్చు. నగదు తీసుకెళ్లడం మేలు. క్రెడిట్ కార్డుతో పందెం కాయడం బ్రిటన్లో 2020 నుంచి నిషేధం.

చీటీ చేతికి రాగానే అక్కడే నిలబడి చదవాలి: గుర్రం నంబరు, ధర, ఈచ్ వేనా గెలుపు మాత్రమేనా, ఎంత కట్టాం. ఆ రణగొణలో పదమూడు ముప్పై అయిపోవడం ఎంతసేపు? రేసు మొదలయ్యాక దిద్దించుకోలేం. బోర్డు మీది బుకీ పేరు కూడా ఫొటో తీసుకుంటాను, డబ్బు అక్కడే తీసుకోవాలి గనక.

స్టాండ్ నుంచి ఆరంభం, చైర్, వాటర్ జంప్ కనిపిస్తాయి. దూరపు కంచెలకు పెద్ద తెరే దిక్కు. జాకీ రంగులు గుర్తుపెట్టుకుంటే తెర మీద మన గుర్రం దొరుకుతుంది. చివరి కంచె దాటగానే అయిపోయిందనుకోకండి, ఇంకా 494 గజాలుంది. 1973లో క్రిస్ప్ అనే గుర్రం ఆ దారిలోనే అలసిపోయి, రెడ్ రమ్ అనే గుర్రం చేతిలో గుర్రం పొడవులో ముప్పావు వంతు తేడాతో ఓడింది.

గీత దాటిన వెంటనే చీటీ చింపేయకూడదు, డబ్బుల కోసం పరిగెత్తనూ అక్కర్లేదు. జాకీలు జీనుతో సహా తూకం వేయించుకుని, మైకులో ‘వెయిడ్ ఇన్’ అన్నాకే చెల్లింపు. ఆ పది నిమిషాల్లో స్థానాలు తారుమారు కావచ్చు కూడా. అప్పుడు చీటీ ఇస్తే, వచ్చే సొమ్మును అక్కడే లెక్కపెట్టుకుంటాను. గెలిచిన సొమ్ము మీద అక్కడ పందెందారుకు పన్ను కోత లేదు. తిరుగు రైలుకు క్యూ రోడ్డు దాకా ఉంటుంది; చివరి రేసు కూడా చూసి, జనం పలచబడ్డాకే స్టేషన్‌కు బయల్దేరతాను.