స్లొవేనియాకి ఒక్క ఓటే: నా థీసిస్ అనుభవం

నా మాస్టర్స్ థీసిస్‌కి మొదట అనుకున్న టాపిక్ ‘యూరోపియన్ ఏకీకరణలో రాజకీయ పార్టీల పాత్ర’. మా గైడ్ ప్రపోజల్‌ని రెండు నిమిషాల్లో చదివేసి, దీని మీద ఒక లైబ్రరీ కట్టొచ్చు గానీ థీసిస్ రాయలేవమ్మాయ్ అన్న అర్థం వచ్చేలా మర్యాదగా ఏదో చెప్పారు. ఏ పార్లమెంటు, ఏ బిల్లు, ఏ ఓటు? ఈ మూడూ తేల్చుకుని రమ్మన్నారు. అప్పటికి నేను నెదర్లాండ్స్ వచ్చి ఐదు నెలలు. అంతకుముందు హైదరాబాద్‌లో నాలుగేళ్ళు గ్రూప్స్ కోచింగ్ సెంటర్‌లో పాలిటీ చెప్పాను. చట్టసభల గురించి నాకు తెలియనిదేముందిలే అన్న ధీమా ఆ రోజుతో సగం పోయింది.

మిగతా సగం యూరోపియన్ యూనియన్ ఒప్పందాలు చదువుతుంటే పోయింది. లిస్బన్ ఒప్పందం 2009 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చింది. దానికి జతచేసిన రెండో నంబరు ప్రోటోకాల్ దగ్గర ఆగాను. బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్ కొత్త చట్టం ప్రతిపాదిస్తే, ఆ ముసాయిదాను సభ్యదేశాల పార్లమెంట్లన్నిటికీ పంపాలి. పంచాయతీలో తేలే పనికి ఫైలు సెక్రటేరియట్‌కి ఎందుకెళ్ళాలి అన్నట్టుగా, ‘ఇది మా దేశంలో మేం చేసుకునే పని, యూరప్ స్థాయిలో అక్కర్లేదు’ అనిపిస్తే ఏ పార్లమెంటైనా ఎనిమిది వారాల్లో కారణాలు చూపిస్తూ అభిప్రాయం పంపొచ్చు. దేశానికి రెండు ఓట్లు. రెండు సభలుంటే సభకొకటి. మొత్తం ఓట్లలో మూడో వంతు పడితే కమిషన్ ఆ ప్రతిపాదనను మళ్ళీ పరిశీలించి తీరాలి. పోలీసు, క్రిమినల్ కేసుల్లో సహకారానికి సంబంధించినవైతే నాలుగో వంతు చాలు. దీన్ని పసుపు కార్డు అంటారు.

ఫోన్‌లో నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన రిటైరైన సోషల్ టీచరు.

“తెల్ల కార్డు తెలుసు, గులాబీ కార్డు తెలుసు. ఈ పసుపు కార్డేంటమ్మా, దీనికి బియ్యం ఎన్ని కిలోలు?” అన్నారు.

నవ్వాక మళ్ళీ ఆయనే అడిగారు: “సరే, మూడో వంతు వద్దన్నారు. అప్పుడు బిల్లు ఆగిపోతుందా?”

“ఆగదు నాన్నా. కమిషన్ మళ్ళీ చూస్తుంది. ఉంచొచ్చు, మార్చొచ్చు, వెనక్కి తీసుకోవచ్చు. దాని ఇష్టం.”

“అంటే మన ఆర్టికల్ 3 లాగా అన్నమాట.”

మన రాజ్యాంగంలోని ఆ ఆర్టికల్ మీద నేను వందల బిట్లు తయారుచేశాను. అయినా ఆయన అనేదాకా నాకు తట్టలేదు. రాష్ట్రాన్ని విడదీసే బిల్లును రాష్ట్రపతి ఆ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం కోసం పంపాలి, కానీ ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ అదే బిల్లును ఆమోదించింది. ఆ రోజు హాస్టల్ టీవీ ముందు నిలబడి చూస్తుంటే లైవ్ ఆగిపోయింది. మా రూమ్‌లో ఇద్దరం గుంటూరు వాళ్ళం, ఇద్దరు కరీంనగర్ వాళ్ళు. ఆ రాత్రి ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

మర్నాడు గైడ్ దగ్గరికి వెళ్ళి, వినాలన్న నిర్బంధం లేనప్పుడు పార్లమెంట్లు అభిప్రాయాలు ఎందుకు రాస్తాయి, వాటి వెనక ఏ పార్టీలుంటాయి అని అడిగాను. “ఇది ప్రశ్న” అన్నారు. నేను పని మొదలుపెట్టేనాటికి మొత్తం మూడే పసుపు కార్డులు పడ్డాయి, 2012, 2013, 2016ల్లో. ఆ మూడే నా థీసిస్.

డేటా అంతా ఐపెక్స్ అనే వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఏ పార్లమెంటు ఏ రోజు ఏం పంపిందో అక్కడ దొరుకుతుంది. దొరకడం వరకు సులువే. కొన్ని సభలు పంపినవి అసలు అభ్యంతరాలు కావు, కమిషన్‌తో మామూలు సంభాషణ. వాటికి ఓటు లెక్క లేదు. కొన్నిటికి ఇంగ్లిష్ అనువాదం లేదు, మెషిన్ అనువాదంతో నెట్టుకొచ్చాను. ఒక్కో అభిప్రాయాన్ని వాక్యం వాక్యం చదివి, ఇది ‘ఎవరు చేయాలి’ అన్న వాదనా, ‘అసలు ఈ చట్టమే చెడ్డది’ అన్న వాదనా అని గుర్తులు పెట్టాలి. దీన్ని మా వాళ్ళు కోడింగ్ అంటారు. నేను రోజూ రాత్రి దాకా కోడింగ్ చేస్తున్నానని అమ్మ చెబితే, పిన్ని ఊరంతా నేను సాఫ్ట్‌వేర్‌లోకి మారానని చెప్పేసింది. ఇప్పటికీ ఆ ఊళ్ళో నాకు ఆ పేరే.

2013 కేసు దగ్గర బండి ఆగింది. అది యూరోపియన్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కార్యాలయం పెట్టాలన్న ప్రతిపాదన. యూనియన్ నిధులు మింగేసే మోసాల మీద కేసులు పెట్టే కార్యాలయం. 28 దేశాలు, 56 ఓట్లు, నాలుగో వంతు అంటే 14 చాలు. వచ్చినవి 18 అని కమిషన్ రాసింది. నా ఎక్సెల్‌లో 19 వస్తున్నాయి. మూడు రోజులు కూర్చున్నాను. సైప్రస్, హంగరీ, మాల్టా, స్వీడన్: ఒక్క సభే, రెండేసి ఓట్లు. బ్రిటన్, ఐర్లాండ్, నెదర్లాండ్స్: రెండు సభలూ పంపాయి. చెక్ సెనేట్, ఫ్రెంచ్ సెనేట్, రుమేనియా దిగువ సభ: ఒక్కొక్కటి. స్లొవేనియా రెండు. మళ్ళీ కూడాను, మళ్ళీ 19. కమిషనే తప్పు చేసిందని గైడ్‌కి మెయిల్ కూడా రాసేశాను! టెన్షన్‌లో మనిషికి ఎంత ధైర్యం వస్తుందో.

జవాబు ఒక్క లైనులో వచ్చింది, స్లొవేనియాలో సభలెన్నో చూసుకో అని. రెండున్నాయి. జాతీయ అసెంబ్లీ కాకుండా, వృత్తులవారూ స్థానిక సంస్థలూ ఎన్నుకునే జాతీయ మండలి ఇంకొకటి ఉంది. మన ఎమ్మెల్సీల్లో టీచర్లకీ స్థానిక సంస్థలకీ సీట్లున్నట్టు. శాసనమండలి ఉన్న రాష్ట్రం నుంచి వచ్చిన నాకు అది తట్టకపోవడమే విడ్డూరం. అభ్యంతరం పంపింది జాతీయ అసెంబ్లీ ఒక్కటే. కాబట్టి ఒక్క ఓటే.

ఆ తర్వాత ఇంటర్వ్యూలు. ఐరోపా వ్యవహారాల కమిటీల్లో పనిచేసే సిబ్బందికి ముప్పై రెండు మెయిళ్ళు పెడితే ఐదుగురు పలికారు. మొదట్లో నా మెయిల్ ఒక పేజీ ఉండేది, ‘గౌరవనీయులైన’తో మొదలై. తోటి విద్యార్థిని దాన్ని ఐదు లైన్లకి కోసేశాక ఆ ఐదు జవాబులూ వచ్చాయి. ఒక ఇంటర్వ్యూకి హేగ్ వెళ్ళాను. పాత పార్లమెంటు భవనాల మరమ్మతు నడుస్తోంది. 2021 నుంచి దిగువ సభ తాత్కాలిక భవనంలో ఉంది. స్టేషన్‌కి దగ్గర్లోని ఆఫీసు కట్టడం. పాస్‌పోర్టు చూపించి, బ్యాగు స్కాన్ చేయించుకుని లోపలికెళ్తే, నూట యాభై మంది సభ్యుల సభ ఇక్కడే నడుస్తోందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఆ ఇంటర్వ్యూలోనే నాకు అసలు సంగతి దొరికింది. ఉత్తరం మీద అడ్రసు బ్రస్సెల్స్‌దే అయినా, అది చేరాల్సింది తమ సొంత మంత్రికి అన్నది ఆ మాటల సారం. బ్రస్సెల్స్ చర్చల్లో దేశం తరఫున కూర్చునేది ఆ మంత్రే. వెళ్ళేముందే సభ ఏమనుకుంటోందో కాగితం మీద ఉంటే, తర్వాత ‘మీరప్పుడు చెప్పలేదే’ అనే వీల్లేదు. డెన్మార్క్‌లో ఈ బాధ తక్కువ. అక్కడ మంత్రి ముఖ్యమైన చర్చలకు వెళ్ళేముందు పార్లమెంటు యూరప్ కమిటీ ముందు కూర్చుని అనుమతి తెచ్చుకోవాల్సిందే. అయినా 2012లోనూ 2016లోనూ పసుపు కార్డుల్లో డెన్మార్క్ ఉంది. 2012లో అయితే ముందు నడిచి మిగతావాళ్ళను కదిలించిందే వాళ్ళు. నా సిద్ధాంతం అక్కడ కొంచెం కుంటింది, దాన్ని అలాగే రాశాను.

పార్టీల సంగతి. 2012 ప్రతిపాదన సమ్మె హక్కుకు సంబంధించింది, కార్మిక సంఘాలు దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి. అప్పటికి 27 దేశాలే కాబట్టి 54 ఓట్లలో 19 పడ్డాయి, 18 చాలు. కమిషన్ వెనక్కి తీసుకుంది, అయితే మీరు చెప్పిన కారణానికి కాదు, మద్దతు దొరికేలా లేదు కాబట్టి అంది. అక్కడ లెఫ్ట్, రైట్ గీత కొంతవరకు పనికొచ్చింది. 2016లో ఆ గీత చెరిగిపోయింది. వేరే దేశానికి పనికి పంపిన కార్మికులకు అక్కడి స్థాయి జీతం ఇవ్వాలన్న ప్రతిపాదన అది. 11 దేశాల 14 సభలు, 22 ఓట్లు. డెన్మార్క్ తప్ప అన్నీ తూర్పు, మధ్య యూరప్ దేశాలే. చెక్, స్లొవేకియాల్లో లెఫ్ట్ వైపుండే సోషల్ డెమొక్రాట్ల ప్రభుత్వాలు, పోలండ్, హంగరీల్లో రైట్ పార్టీలవి. అందరూ ఒకే వైపు, ఎందుకంటే తక్కువ జీతమే వాళ్ళ కార్మికుడికి పని తెచ్చే బలం. పార్టీ కంటే ఊరు ముందొచ్చింది. 2014 హాస్టల్ చూసిన నాకు ఇది వింతగా అనిపించలేదు. అక్కడా ఒకే పార్టీ వాళ్ళు రెండు ప్రాంతాలుగా చీలిపోవడం చూశాం కదా.

ఆర్టికల్ 3 పోలికని ఒక్క ఫుట్‌నోట్‌లో పెట్టాను. వైవాలో రెండో ఎగ్జామినర్ దాన్నే పట్టుకున్నారు. అభిప్రాయానికి విలువ లేకపోవడం అన్యాయం కాదా అని. నాకు కరీంనగర్ రూమ్‌మేట్ గుర్తొచ్చింది. వారం ముందు వాట్సాప్‌లో ఇదే వాదన పెట్టుకున్నాం. “మీ అసెంబ్లీ కాదంటే కాదనే రూలుంటే, మెజారిటీ మీదే, మాకు రాష్ట్రం ఎప్పటికొచ్చేదే?” అంది. ఆ మాటే నా ఇంగ్లిష్‌లో చెప్పాను. మెజారిటీ ప్రాంతం చేతిలో వీటో పెడితే చిన్న ప్రాంతం ఎప్పటికీ బయటపడలేదని. ఎగ్జామినర్ రాసుకున్నారు, ఏం రాసుకున్నారో తెలీదు. పదికి ఏడున్నర వచ్చింది. ఇక్కడ అది మంచి మార్కే అని నాన్నకి నచ్చజెప్పడానికి వైవా కంటే ఎక్కువ సేపు పట్టింది.

తర్వాత ఒక ఆదివారం ఆయన ఆ 2016 పసుపు కార్డు చివరికి ఏమైందని అడిగారు. ప్రతిపాదన మార్చకుండా ఉంచుతున్నామని చెబుతూ ఆ జులైలో కమిషన్ ఇచ్చిన జవాబు తీసి, పార్లమెంట్లు లేవనెత్తిన అభ్యంతరాలకు అందులో ఏం చెప్పారో తెలుగులో వివరిస్తూ పోయాను. చట్టం 2018లో రానే వచ్చింది. నాన్న మధ్యలో ఆపలేదు.

“వినకపోయినా జవాబు రాశారు,” అన్నారు చివరికి. “మన అసెంబ్లీకి ఎవరైనా రాశారా?”

“రాయాలని రూల్ లేదు నాన్నా.”

“ఊఁ,” అని, ఆ కాగితం ఒక కాపీ పంపమన్నారు.