మాంటాల కోసం బా అటోల్‌కు

మాల్దీవుల్లో ఉద్యోగం చేసే మనవాళ్లు వానాకాలంలో ఒక్కసారైనా బా అటోల్ అనే పగడపు దీవుల గుంపుకు వెళ్లాలని నా కోరిక. మాలేలో పనిచేసే మాకు సముద్రమంటే హుల్హుమాలే వంతెన మీద బస్సు కిటికీలోంచి కనిపించే నీళ్లే. శుక్ర, శనివారాలు సెలవు. బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోన్లు, నిద్ర... అంతలోనే ఆదివారం వచ్చేస్తుంది. సముద్రంలోకి దిగడం టూరిస్టుల వ్యవహారం అన్నట్టు ఉండిపోతాం.

నేను వెళ్లింది ధరవందూ దీవికి. అక్కడ ఊరివాళ్ల గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి, రిసార్టు అక్కర్లేదు. పక్కనే హనీఫారు బే అనే చిన్న అఖాతం. నైరుతి రుతుపవనాల కాలంలో పోటుతో పాటు ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవులు, ఆ చిన్న బేలోకి కొట్టుకొచ్చి అక్కడే పోగవుతాయి. వాటిని తినడానికి మాంటా రేలు అనే పెద్ద టేకు చేపలు వస్తాయి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటు ఎక్కువ కాబట్టి మాంటాలూ ఎక్కువగా వస్తాయంటారు. బా అటోల్‌ను 2011లో యునెస్కో బయోస్ఫియర్ రిజర్వుగా (జీవావరణ రక్షిత ప్రాంతంగా) గుర్తించింది. బేలో గాలి సిలిండర్‌తో లోతుకు దిగే స్కూబా డైవింగ్ నిషేధం, మాస్కు పెట్టుకుని నీటి పైనే తేలుతూ చూసే స్నార్కెలింగ్ ఒక్కటే. అదీ గైడుతో, 45 నిమిషాలే. ఈ కట్టుబాట్లు సరైనవే. జనం మీద పడితే మాంటాలు మేత వదిలేసి వెళ్లిపోతాయి.

పడవకు ఫలానా టైమని లేదు. మాంటాలు వచ్చాయని కబురు అందాకే బయల్దేరింది. మాకు మాస్కులు ఇచ్చింది బంగ్లాదేశ్ కుర్రాడు. నాకు ఈత అంతంతమాత్రం. అది నా మొహంలోనే తెలిసిపోయినట్టుంది. మాస్కు పట్టీ తనే బిగించి, "జాకెట్ తీయొద్దు భాయ్, నేను చూస్తుంటా" అన్నాడు హిందీలో. ఆ మాటతో సగం టెన్షన్ పోయింది.

నీళ్లలో తల పెట్టగానే మొదట కనిపించింది తెరిచిన నోరు. ఆ తర్వాత రెక్కలు, ఈ చివర నుంచి ఆ చివరకు మనిషి కంటే చాలా వెడల్పు. టేకు చేపల జాతే అయినా మాంటా తోకకు విషపు ముల్లు ఉండదు. ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి, నా కిందనుంచి పల్టీ కొట్టి, పొట్ట చూపిస్తూ వెళ్లాయి. పొట్ట మీద మచ్చలు ఏ మాంటావి దానికే ప్రత్యేకం. పరిశోధకులు ఫొటోలు తీసి వాటితోనే గుర్తుపడతారు. నా ఊపిరి చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. జీతం, వీసా రెన్యువల్, ఇంటి అప్పు ఏవీ గుర్తు రాలేదు. పరాయిదేశం వచ్చాక అలాంటి సమయం నాకు అదే మొదటిసారి.

ఎప్పుడు తల ఎత్తినా ఆ కుర్రాడు నిచ్చెన దగ్గరే నిలబడి మా తలలు లెక్కపెట్టుకుంటున్నాడు. తిరుగు ప్రయాణంలో అడిగితే చెప్పాడు, తను ఇక్కడికి వచ్చాక మాంటాలను పడవ పైనుంచి నీడల్లా చూడటమే తప్ప ఎప్పుడూ దిగలేదట. అందరూ నీళ్లలో ఉంటే పడవ మీద ఒకరు ఉండాలి కదా.

ఆగస్టులో పౌర్ణమి దగ్గరి శుక్రవారం చూసుకుని మా ఆఫీసు వాళ్లం కొందరం మళ్లీ వెళ్తున్నాం. ఆ రోజు పడవ మీద ఇంకొకర్ని ఉంచి అతన్నీ మాతో దిగనివ్వమని కెప్టెన్‌ను అడిగాం, సరేనన్నాడు. అతని టికెట్టు మాదే.