గోడ మీది వాతావరణ పటాలు

1990ల మొదట్లో అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ వాతావరణ శాస్త్ర విభాగంలో పీహెచ్‌డీకి చేరాను. అక్కడి కారిడార్లో ఒక గోడ నిండా పటాలే. డైఫాక్స్ అనే ఫ్యాక్స్ లైను మీద జాతీయ వాతావరణ సంస్థ పంపేవి పెద్ద పేపరు రోలు మీద అచ్చయ్యేవి. వాటిని కత్తిరించి, పాతవి తీసి, సర్ఫేస్ (నేలమట్టం), ఆపైన 850, 700, 500, 300 మిల్లీబార్ల (పీడనం తగ్గేకొద్దీ ఎత్తు పెరిగే పొరలు) వరసలో తగిలించడం అసిస్టెంట్‌షిప్ ఉన్న మా పని. తగిలించీ తగిలించకముందే ప్రొఫెసర్లు కాఫీ కప్పులతో వచ్చి ఆ పటాల ముందు వాదనకు దిగేవారు.

తర్వాత ఆ పని కంప్యూటర్‌కి అప్పగించాలనుకున్నారు. యూనిడేటా సంస్థ ఎల్‌డీఎం అనే సాఫ్ట్‌వేర్‌తో ఇంటర్నెట్ మీద డేటా అందిస్తోంది. పటాలు గీయడానికి నాసాలో పుట్టిన జెంపాక్ అనే ప్రోగ్రాం ఉంది. స్క్రిప్టులు రాసే బాధ్యత నాకిచ్చారు.

పటం గీయడం పెద్ద కష్టం కాదు. చిక్కంతా టైముతోనే. ప్రపంచమంతటా వాతావరణ బెలూన్లు ఎగరేసేది 00, 12 గంటల యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక కాలం) పరిశీలనల కోసం. నేను చదువుకున్న విశాఖలో అది ఎప్పుడైనా పొద్దున అయిదున్నర, సాయంత్రం అయిదున్నరే. మిడ్‌వెస్ట్‌లో మాత్రం 12 గంటల యూటీసీ అంటే చలికాలంలో పొద్దున ఆరు, గడియారాలు గంట ముందుకు జరిపే ఎండాకాలంలో ఏడు. చెప్పిన టైముకు ప్రోగ్రాములు నడిపే క్రాన్‌లో లోకల్ టైము పెడితే, వసంతంలో గడియారం ముందుకు జరిపిన రోజు డేటా రాకముందే స్క్రిప్టు నడుస్తుంది. అందుకే మెషీన్‌ను యూటీసీలోనే ఉంచాం. అంతకన్నా మేలైన దారి, ఫలానా డేటా చేరగానే ఫలానా పటం గీయమని ఎల్‌డీఎంకే చెప్పడం. లైను ఆలస్యమైన రోజున కూడా సగం డేటాతో పటం తయారవదు.

నేను తయారుచేసింది చూసి మా ప్రొఫెసరు ఒకటే అడిగారు: "డేటా రాకపోతే ఈ స్క్రీన్ ఏం చూపిస్తుంది?"

గోడ మీదైతే కాగితం లేని చోటు ఖాళీగా కనిపిస్తుంది. స్క్రీన్ మీద నిన్నటి 500 మిల్లీబార్ల పటం రంగురంగులుగా, ఇవాళ్టిదే అన్నట్టు నిలబడుతుంది. తుపాను సూచన విషయంలో ఆ తేడా ఎంత ప్రమాదమో కోస్తాలో పెరిగినవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. ఆయన కోరినట్టు, పటం వయసు పన్నెండు గంటలు దాటితే దాని చోట ఖాళీ చట్రం, కింద ఎర్ర అక్షరాల్లో చివరి డేటా టైము వచ్చేలా మార్చాం. ఆ స్క్రిప్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే భాగం ఇప్పటికీ అదే.

ఒక్క సర్ఫేస్ పటాన్ని మాత్రం ఆయన ఆటోమేట్ చేయనివ్వలేదు. స్టేషన్ల అంకెలు మెషీన్ అచ్చేస్తే, నాలుగేసి మిల్లీబార్లకు ఒక సమభార రేఖ (ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీత) చొప్పున రోజుకొక విద్యార్థి పెన్సిల్‌తో గీసి గోడకు తగిలించాల్సిందే. రెండేసి మిల్లీబార్లకు గీయడం ఆంధ్రా యూనివర్సిటీలో అలవాటైన నా చేతికి మొదట్లో అక్కడి పటాలన్నీ పలచగా అనిపించేవి.