363 పౌండ్లనుకుని బయలుదేరితే

2023 డిసెంబరులో మా అమ్మాయి బ్రిటన్‌లో ఎంఎస్సీ చదవాలని నిశ్చయించుకున్నప్పుడు, అనంతపురం కమలానగర్‌లోని ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. అక్కడి కుర్రవాడు కరపత్రం వెనుక రెండు అంకెలు వేసి ఇచ్చాడు: వీసాకు 363 పౌండ్లు, అక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి వీసాతోపాటే కట్టే ఆరోగ్య సర్‌చార్జీ ఏడాదికి 470 పౌండ్లు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి ఇంటికి రాగానే ఆ రెంటినీ కూడి, రూపాయల్లోకి మార్చి డైరీలో రాసుకున్నాను. ఆ రెండు అంకెల్లో మొదటిది అప్పటికి రెండు నెలల కిందటే చెల్లకుండా పోయిందనీ, రెండోది మరో రెండు నెలల్లో పోబోతోందనీ నాకు తెలియదు.

విద్యార్థి వీసా ఫీజును 2023 అక్టోబరు 4 నుంచి 490 పౌండ్లు చేశారు. ఆరోగ్య సర్‌చార్జీ విద్యార్థులకు 2024 ఫిబ్రవరి 6 నుంచి 470 కాస్తా 776 అయింది. 2015లో ఈ సర్‌చార్జీ మొదలుపెట్టినప్పుడు విద్యార్థి కట్టవలసింది ఏడాదికి 150 పౌండ్లే. ఈ పెంపు నిర్ణయం 2023 జులైలోనే వెలువడింది. అక్కడి డాక్టర్లకు, ఉపాధ్యాయులకు, ఇతర ప్రభుత్వ సిబ్బందికి జీతాలు పెంచడానికి కావలసిన సొమ్ములో కొంత ఈ ఫీజుల నుంచి రాబడతామని ఆ ప్రభుత్వం బహిరంగంగానే చెప్పింది. మన డీఏ బకాయిల సంగతి ఎలా ఉన్నా, అక్కడి పంతుళ్ల జీతాల పెంపులో అనంతపురం పంతులు వాటా కూడా ఉందని స్టాఫ్ రూములో చెబితే తోటివాళ్లు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

2024 జులై 10 రాత్రి భోజనాలయ్యాక దరఖాస్తు నింపడానికి కూర్చున్నాం. ముందుగా సర్‌చార్జీ కడితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది. చదువు ఏడాదే కాబట్టి 776 చూపిస్తుందనుకుంటే తెరపై 1,164 కనిపించింది. ఎక్కడో తప్పు నొక్కావని అమ్మాయిని మందలించాను. "తప్పు కాదు నాన్నా, వీసా ఎన్ని నెలలకిస్తారో అన్ని నెలలకూ లెక్క," అని తను విడమరచి చెప్పింది. ఏడాది కోర్సుకు మొదట్లో ఒక నెల, చివర నాలుగు నెలలు కలిపి పదిహేడు నెలలు వీసా ఇస్తారు. ఏడాది దాటిన అయిదు నెలలకు అర ఏడాది సర్‌చార్జీ పడుతుంది. 776కు 388 కలిపితే 1,164. లెక్క సరిగ్గానే ఉంది, అది నా డైరీలో లేదంతే. వీసా ఫీజుతో కలిపి 1,654 పౌండ్లు, అప్పటి మారకపు రేటులో లక్షా డెబ్బై ఆరు వేల పైచిలుకు. పాత రేట్లే ఉండి ఉంటే ఇదే పని 1,068 పౌండ్లతో తెమిలేది. పైగా నా డెబిట్ కార్డుకు విదేశీ చెల్లింపుల సదుపాయం మూసి ఉండటంతో మొదటిసారి సొమ్ము పోలేదు. యాప్‌లో దాన్ని తెరిచి, పరిమితి పెంచి, ఓటీపీ కోసం ఎదురుచూసి కట్టేసరికి పన్నెండున్నర దాటింది.

వీసాకు కావలసిన క్షయ పరీక్షకూ, వేలిముద్రలకూ హైదరాబాదు కంటే మాకు బెంగళూరే దగ్గర కనుక రెండుసార్లూ తెల్లవారుజామున బస్సెక్కి రాత్రికి తిరిగివచ్చాం. ఆ రెండు పనులూ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి.

జులై నెలాఖరున వీసా నిరాకరించినట్టు మెయిల్ వచ్చింది. తప్పు నాదే. లండన్ బయట చదివే విద్యార్థి అప్పటి నిబంధన ప్రకారం నెలకు 1,023 చొప్పున తొమ్మిది నెలలకు 9,207 పౌండ్లు, దానిపైన ఇంకా కట్టవలసి మిగిలిన కాలేజీ ఫీజు, వరుసగా 28 రోజులు ఖాతాలో ఉన్నట్టు చూపాలి. సొమ్ము తల్లిదండ్రుల ఖాతాలో ఉన్నా చెల్లుతుంది, కాకపోతే జనన ధ్రువపత్రమూ సమ్మతి లేఖా జతచేయాలి. మాకు సుమారు 12 లక్షల 53 వేలు చూపవలసి ఉండగా, జీపీఎఫ్ నుంచి తీసిన సొమ్మూ, మా ఆవిడ చీటీపాట సొమ్మూ కలిపి 12 లక్షల 60 వేలు నా ఖాతాలో వేసి, ఇక దాన్ని ముట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. జూన్ 27న బీమా ప్రీమియం 18,400 రూపాయలు దానంతటదే ఆ ఖాతాలోంచి వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత చూసుకుని తిరిగి వేశాను, ఆ రెండు రోజులను ఎవరు పట్టించుకుంటారులే అనుకున్నాను. నిరాకరణ లేఖలో ఆ తేదీ, ఆ నిల్వ, ఎంత తక్కువైందో అన్నీ ఉన్నాయి. 80 పౌండ్లు కట్టి పునఃపరిశీలన కోరవచ్చు గానీ, పొరపాటు మాదైనప్పుడు ఆ డబ్బు కూడా దండగే.

నిరాకరిస్తే సర్‌చార్జీ వెనక్కి వస్తుంది, వీసా ఫీజు రాదు. అంటే 490 పౌండ్లు, యాభై రెండు వేల పైచిలుకు, రెండు రోజుల ఏమరుపాటుకు పోయాయి. జూన్ 29 నుంచి లెక్కిస్తే 28 రోజులు నిండాయి కాబట్టి మళ్లీ దరఖాస్తు చేయడానికి సొమ్ము విషయంలో అడ్డు లేదు. అయితే సీటు ఇచ్చినట్టు విశ్వవిద్యాలయం ఇచ్చే క్యాస్ అనే ధ్రువీకరణ ఒక్కసారికే పనికొస్తుంది. కొత్తది తెప్పించుకునేసరికి ఆగస్టు మూడో వారం వచ్చింది. మామూలుగా నిర్ణయానికి మూడు వారాలు పడుతుంది, తరగతులేమో సెప్టెంబరులో మొదలు. అయిదు పని దినాల్లో తేల్చే ప్రయారిటీ సేవకు ఇంకో 500 పౌండ్లు. వీసా ఫీజు కంటే దాన్ని తొందరగా చూడడానికి పుచ్చుకునే ఫీజు పది పౌండ్లు ఎక్కువ! అప్పటికి మొదటి సర్‌చార్జీ ఇంకా తిరిగి రాలేదు, రెండోది కట్టాలి. పెట్టిన లెక్క తడిసి మోపెడై, చివరకు మా బావమరిది దగ్గర లక్షన్నర చేబదులు తీసుకున్నాను. ఈసారి వీసా వచ్చింది. సెప్టెంబరు రెండో వారంలో అమ్మాయి విమానమెక్కింది.

ఇంతటితో ఫీజుల పేజీ మూసేశాననుకున్నాను. 2025 ఏప్రిల్ 9న మళ్లీ రేట్లు పెరిగాయి: విద్యార్థి వీసా 524 పౌండ్లు, చదువు పూర్తయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా 822 నుంచి 880 పౌండ్లు. అక్టోబరులో కోర్సు పూర్తయినట్టు విశ్వవిద్యాలయం తెలియజేశాక అమ్మాయి దానికి దరఖాస్తు చేసింది. ఇందులో ఖాతా నిల్వ చూపవలసిన పని లేదని సంతోషించాను గానీ, సర్‌చార్జీ దగ్గర మరో సంగతి బయటపడింది. 776 అనేది విద్యార్థి రాయితీ రేటు; గ్రాడ్యుయేట్ రూట్‌లోకి మారితే పూర్తి రేటు, ఏడాదికి 1,035 పౌండ్లు, అదీ రెండేళ్లకు ఒకేసారి. 880కి 2,070 కలిపితే 2,950. చేతికి జీతం రాకముందే కట్టవలసిన సొమ్ము ఇది. ఉద్యోగం వచ్చాక జీతంలోంచి అక్కడి పన్నులూ పోతాయి, ఆ పన్నుల్లో ఆసుపత్రుల ఖర్చు కూడా ఉంటుంది. ఒకే ఆసుపత్రికి రెండు వైపుల నుంచి కట్టించుకోవడం నాకు న్యాయంగా తోచలేదు.

వారానికి ఇరవై గంటల పనితో తను కూడబెట్టుకున్నది 1,100 పౌండ్లు. "మిగతాది అప్పుగా ఇవ్వండి నాన్నా, నెలనెలా తీరుస్తా," అంది. 1,850 పౌండ్లు పంపడానికి బ్యాంకుకు వెళ్లి, పాన్ కార్డు నకలు జతచేసి ఏ2 ఫారం నింపాను. అప్పటికి పౌండు 117 రూపాయల దగ్గర ఉంది. మొదటి దరఖాస్తు నాటి 107తో పోలిస్తే, ఆ 1,850 పౌండ్ల మీద ఒక్క మారకపు రేటు తేడాయే పద్దెనిమిది వేలు దాటింది. ఫీజు అక్కడ పెరిగితే రూపాయి ఇక్కడ తగ్గి, ఆ పెంపు మనకు రెండు వైపుల నుంచీ తగులుతోంది.

గ్రాడ్యుయేట్ వీసా డిసెంబరులో మంజూరైంది.

మొన్న మా బడి సైన్స్ మాస్టారు తన కొడుకు బ్రిటన్ ప్రయాణం సంగతి మాట్లాడాలని బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని ఇంటికి వచ్చారు. ఏ ఏ ఫీజులు ఎంతెంత ఉంటాయో చెప్పమన్నారు. ఆ పాత డైరీ తీశాను గానీ తెరవకుండానే, "సార్, మీ బీమా ప్రీమియం ఏ ఖాతాలోంచి కట్ అవుతుంది?" అని అడిగాను.